జేసీసీలో పిల్లల్ని చేర్పించే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది: ఇద్దరూ ఉద్యోగస్తులు, అమెరికాలో ఉంటున్నారు, మూడేళ్ల పాపకి ప్రీస్కూల్, ఏడేళ్ల బాబుకి సమ్మర్ క్యాంప్ కావాలి, దగ్గర్లో యూదుల సంస్థ జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్ (జేసీసీ) ఉంది, హిందువుల పిల్లల్ని చేర్చుకుంటారా అని.

చేర్చుకుంటారు. జేసీసీలు అన్ని మతాలవాళ్లకీ తెరిచే ఉంటాయి. ప్రీస్కూల్లో శుక్రవారం శబ్బత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) వేడుక చేస్తారు. హల్లా రొట్టె, ద్రాక్షరసం, ఒక చిన్న పాట, అంతే. మతం మార్చే ప్రయత్నాలేమీ ఉండవు. అసలు చిక్కులు కాగితాలతోనూ, లంచ్ బాక్స్‌తోనూ, సెలవులతోనూ వస్తాయి.

ముందు టీకాల సంగతి. పాపకి ఇండియాలో వేయించి ఉంటే ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకా అమెరికాలో లెక్కకి రాదు, మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే మొదటి డోసు. పైగా మన సర్కారు ఆస్పత్రుల్లో వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాలకి మాత్రమే. అందులో గవదబిళ్లల టీకా ఉండదు కాబట్టి ఇక్కడ ఎంఎంఆర్ వేయించాల్సిందే. కార్డు మీద తేదీలు కూడా చూడండి. 05/07/2023 అంటే మనకి జులై 5, వాళ్లకి మే 7. పిల్లల డాక్టర్ చేత నెల పేరు అక్షరాల్లో రాయించి, సంతకం చేయించి ఇవ్వండి. టీబీ పరీక్ష అడిగితే, బీసీజీ వేయించుకున్న పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష ఆ టీకా వల్లే పాజిటివ్ రావచ్చు, తర్వాత ఎక్స్‌రేల చుట్టూ తిరగాలి. రెండేళ్లు నిండిన పాపకి రక్తపరీక్ష చేయమని మీరే అడగండి.

లంచ్ బాక్స్ విషయంలో శాకాహారులకి పెద్ద ఇబ్బంది లేదు. మాంసం, పాలపదార్థాలు కలవకూడదన్నది వాళ్ల నియమం కాబట్టి చాలా సెంటర్లు ఇంటి నుంచి మాంసం తేవద్దంటాయి. పెరుగన్నం, పనీర్, గుడ్డు సాధారణంగా ఫర్వాలేదు. మనవాళ్లు దొరికిపోయేది పల్లీల దగ్గర. పులిహోర తాలింపులో నాలుగు పల్లీలున్నా, ఇడ్లీతో పల్లీ చట్నీ పెట్టినా డబ్బా వెనక్కి వస్తుంది. కొన్నిచోట్ల నువ్వులకీ అంతే, కారప్పొడిలో వేశారేమో చూసుకోండి. ఇది మతాచారం కాదు, పక్క పిల్లల అలర్జీ, కాబట్టి సర్దుబాటు అడగొద్దు.

యూదుల పాసోవర్ పండుగ వారం వేరు. మన తెలుగు బైబిల్లో పస్కా అంటారు. గోధుమతో చేసినవేవీ లోపలికి రావు, అంటే చపాతీ, బ్రెడ్, ఉప్మా బంద్. అష్కెనాజీ (యూరప్ మూలాలున్న యూదుల) ఆచారం పాటించే సెంటరైతే అన్నం, పప్పు కూడా వద్దంటారు, ఇడ్లీ దోసెలు కూడా పోయినట్టే. సెఫార్దీలు (స్పెయిన్ మూలాలున్న యూదులు) అన్నం తింటారు కాబట్టి మీ సెంటర్ ఏది పాటిస్తుందో నెల ముందే కనుక్కోండి. ఆ రోజులకి ఉడికించిన బంగాళదుంప, పెరుగు, పండ్లు, గుడ్డు సరిపోతాయి.

సెలవుల క్యాలెండర్ ఫీజు కట్టక ముందే తీసుకోండి. వాళ్ల పంచాంగం కూడా మనలాగే చంద్రుణ్ణి బట్టి నడిచి, అధిక మాసంతో సర్దుకుంటుంది, 19 ఏళ్లలో 7 సార్లు. అందుకే పండుగల తేదీలు ఏటా మారుతుంటాయి. 2025లో రోష్ హషానా (వాళ్ల కొత్త సంవత్సరం) నుంచి సిమ్హత్ తోరా (ఆ పండుగల వరసలో చివరిది) దాకా మూడు వారాల్లో ఏడు పండుగ రోజులు పనిదినాల్లో పడ్డాయి. 2026లో దాదాపు అన్నీ శని, ఆదివారాలే, ఒక్క యోమ్ కిప్పూర్ (ఉపవాస దినం) మాత్రం సెప్టెంబర్ 21, సోమవారం. వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి పండుగ ముందు రోజు, చాలాచోట్ల శుక్రవారాలు కూడా, త్వరగా మూసేస్తారు. మీ పీటీఓ (ఆఫీసులో జీతంతో ఇచ్చే సెలవు) లెక్క దీన్ని బట్టి వేసుకోండి.

గేటు దగ్గర సెక్యూరిటీ గట్టిగా ఉంటుంది. 2017లో ఈ సెంటర్లకి వరసగా బాంబు బెదిరింపులొచ్చాయి, విసుక్కోకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో పాపని తీసుకురావాలంటే వాళ్ల పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పికప్ లిస్టులో రాయించి, వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు ఇచ్చి పంపండి. ఇంట్లో పిలిచే పేరు రాయిస్తే పిల్లని ఇవ్వరు.

బాబు క్యాంప్‌కి చలికాలంలోనే నమోదు చేయండి. మెంబర్లకి తగ్గింపు ఉంటుంది, కానీ మెంబర్‌షిప్ ఖర్చు కలిపి చూస్తే రెండు మూడు వారాలకి గిట్టకపోవచ్చు. ఈతబట్టలు రెండు జతలు కొనండి, తడిసిన జత మర్నాడు పొద్దుటికి ఆరదు. సన్‌స్క్రీన్ మొదటి పూత ఇంట్లోనే పూయండి. మొదటి రోజే ఈత పరీక్ష పెడతారు. రాకపోతే రాదనే చెప్పమనండి, లోతు తక్కువ వైపు ఉంచుతారు, అది మంచిదే.

డే క్యాంప్, ప్రీస్కూల్ ఫీజులు, ఉద్యోగం ద్వారా పన్ను పడని జీతంలోంచి పిల్లల సంరక్షణకి డబ్బు పక్కన పెట్టుకునే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ కిందకి వస్తాయి. ఇంటికి ఏడాదికి 5,000 డాలర్లున్న పరిమితి 2026 నుంచి 7,500 అయింది. రాత్రి బస ఉండే క్యాంప్‌కి వర్తించదు. ట్యాక్స్ ఫారం 2441లో సెంటర్ ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు) నంబర్ రాయాలి, పన్ను మినహాయింపు ఉన్న సంస్థైతే దాని బదులు Tax-Exempt అని రాస్తే చాలు, ఏది రాయాలో రసీదుతోపాటే అడిగి తెలుసుకోండి.