అమ్మ దుబాయికి రాసిన ఉత్తరాలు చదవొచ్చా?

మీ నాన్న పెట్టెలో, అమ్మ ఆయనకు గల్ఫ్‌కు రాసిన ఉత్తరాల కట్ట దొరికిందని, చదివితే తప్పా అని అడిగారు. చదవండి. కానీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఒక్కరే చదివితే సగమే అర్థమవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఆ ఉత్తరాలు రాసింది నేనే. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వాడ నుంచి మొదట దుబాయి పోయినవాళ్ళలో మా బాపు ఒకడు. 1987లో పోయాడు, అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మకు చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక ఏరోగ్రామ్ (విదేశాలకు రాసే, మడిచి అంటించే ఉత్తరం కాగితం) నా ముందు పెట్టి "రాయి బిడ్డా" అనేది. భర్తను పేరు పెట్టి పిలవదు కదా, అందుకని ఉత్తరమంతా నా మాటగానే పోయేది: "బాపూ, అమ్మ చెప్పమన్నది ఏమనగా..." ఆలుమగల మాట పదేళ్ళ పిల్ల చేతి మీదుగా పోవాలంటే అందులో ఏం పడుతుంది? పసుపు ఎంతకు పోయింది, బోరులో నీళ్ళున్నాయా, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుకు మిత్తి ఎంత కట్టాం, బాపు పంపిన డబ్బు డీడీ (బ్యాంకు డ్రాఫ్టు) అందిందా లేదా. ఇవే.

ఇందులో ఒక కిటుకు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఉత్తరం చేరడానికి పది పదిహేను రోజులు, జవాబుకు మళ్ళీ అన్ని రోజులు. పైగా అప్పట్లో అక్కడ పోస్ట్‌మన్ ఇంటింటికీ వచ్చేవాడు కాదు. కంపెనీ పోస్ట్ బాక్సులో పడితే ఎవరో పనివాళ్ళుండే క్యాంపుకు తేవాల్సి వచ్చేది. సాగుపని అన్నాళ్ళు ఆగదు. "ఎద్దును అమ్మమంటావా" అని నాతో రాయించిన నాటికే ఎద్దు సంతలో అమ్ముడుపోయింది. అట్లెందుకు రాయించావని పెద్దయ్యాక అడిగితే, "మీ బాపు అంత దూరముండె. ఇంటికి పెద్ద తనే అనిపియ్యాలె గదా" అన్నది. ఇది ఏ ఉత్తరంలోనూ కనిపించదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షమందికి పైగా మనవాళ్ళు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తిరిగొచ్చిన రోజులవి. అమ్మ రేడియో దగ్గరే ఉండేది, ముద్ద దిగేది కాదు. ఆ నెల ఉత్తరంలో ఉన్నది మాత్రం ఒక్క వాక్యం: "నువ్వున్న ఊరు కువైట్‌కు ఎంత దూరం?" మిగతాదంతా వరినాట్లే.

తర్వాత అమ్మ రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది. బాపు తెచ్చిన కట్టలో వంకరటింకర అక్షరాలతో ఆమె సొంతంగా రాసుకున్న ఉత్తరం ఒకటి ఉంది. అది నేను తెరవలేదు, అమ్మ చేతికే ఇచ్చాను. మీ కట్టలోనూ అట్లాంటిది కనబడితే అమ్మ చదవమన్నాకే చదవండి.

ఏరోగ్రామ్ కాగితం పలచన, మడతల దగ్గర చిరుగుతుంది. సెల్లో టేపు అంటించకండి, కొన్నేళ్ళకు పసుపెక్కి అక్షరాల మీద మరక పడుతుంది. లామినేషన్ కూడా వద్దు. ముద్ర పడ్డ వైపుతో సహా రెండు వైపులా ఫోటో తీయండి, చాలామంది ఉత్తరం మీద తేదీ వేయరు, పోస్టు ముద్రే ఆధారం. అమ్మ చెబుతుంటే ఫోన్‌లో రికార్డు పెట్టండి.