టెక్ సందేహాలు: రిమ్ములకు రంగు వేసేవారి చేతికి కారు తాళం ఇచ్చే ముందు

ప్రశ్న: 2013 మోడల్ లగ్జరీ సెడాన్‌ను నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అల్లాయ్ చక్రాల అంచులు గీసుకుపోయి ఉండడంతో నాలుగింటికీ పౌడర్ కోటింగ్ చేయించాను. బండి తిరిగి వచ్చిన రోజు నుంచి టైరు గాలి హెచ్చరిక దీపం ఆరడం లేదు. నాలుగు సెన్సర్లూ పోయాయి, కొత్తవి కొనమంటున్నారు. ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ స్కానర్‌తో ఈ దీపాన్ని ఆర్పవచ్చా? (వేళచ్చేరి పాఠకుడు)

జవాబు: చెన్నైలో అన్నా నగర్ నుంచి, తాంబరం నుంచి, ఇప్పుడు వేళచ్చేరి నుంచి ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది కనుక ఈసారి వివరంగా రాస్తున్నాను. పౌడర్ కోటింగ్‌లో రంగు పొడి చల్లిన రిమ్మును సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. వాల్వుకు అతుక్కుని టైరు లోపల ఉండే సెన్సర్‌ను సాధారణంగా 125 డిగ్రీల వరకు తట్టుకునేలా మాత్రమే తయారు చేస్తారు. దాన్ని విప్పకుండా రిమ్మును ఓవెన్‌లోకి పంపితే బ్యాటరీ, సర్క్యూట్ రెండూ పాడవుతాయి. ఈ సెన్సర్ల బ్యాటరీ ఆయుష్షు మామూలుగా అయిదు నుంచి పదేళ్లు కాబట్టి పాత కారులో అవి వాటంతట అవే పోయి ఉండవచ్చునని షాపువారు వాదించవచ్చు. కానీ వయసు మీరి పోయే బ్యాటరీలు ఒకదాని తరువాత ఒకటి పోతాయి తప్ప, నాలుగూ ఓవెన్ నుంచి బయటికి వచ్చిన రోజే పోవు. ఆ సంగతి వారికి స్పష్టంగా చెప్పి, పాత సెన్సర్లు నాలుగింటినీ చూపించమని అడగండి.

అంతకన్నా ముందు మీ కారులో అసలు సెన్సర్లు ఉన్నాయో లేదో తేల్చుకోండి. కొన్ని కార్లలో చక్రాలలో ఏ పరికరమూ ఉండదు. గాలి తగ్గిన టైరు మిగిలిన వాటికన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది కనుక, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కోసం అమర్చిన వేగ సెన్సర్ల ద్వారానే కారు ఆ తేడాను పసిగడుతుంది. అలాంటి కారులో గాలి సరిగా నింపి, మెనూలోకి వెళ్లి రీసెట్ చేస్తే చాలు, ఖర్చే లేదు. ఇదివరకు మీ స్క్రీన్ మీద ఒక్కొక్క టైరుకు గాలి ఎంత ఉన్నదీ అంకెలలో కనిపించి ఉంటే మాత్రం లోపల సెన్సర్లు ఉన్నట్టే. కొత్తవి కొనేటప్పుడు అవి కారుకు సంకేతం పంపే రేడియో పౌనఃపున్యం 433 మెగాహెర్ట్జా, 315వా అన్నది చూసుకోండి. అమెరికా మార్కెట్ కోసం తయారైన 315 రకాన్ని పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో చవకగా కొని తెచ్చుకుంటే, 433 వినే కారు దాన్ని గుర్తించదు.

బ్యాటరీ మార్చడానికి వీలు లేకుండా జిగురు పోసి మూసేసిన పరికరాన్ని, టైరు విప్పితే తప్ప చేయి చేరని చోట పెట్టడం నా దృష్టిలో నిర్లక్ష్యంతో చేసిన డిజైన్. పదేళ్లలో ఆగిపోతుందని తెలిసిన వస్తువును పాతికేళ్లు నడిచే బండిలో బిగించి, కొత్తదాన్ని గుర్తుపట్టే పనిని కొన్ని మోడళ్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే పరిమితం చేయడం కొన్నవారికి చేసిన అన్యాయం.

చౌక బ్లూటూత్ స్కానర్ మీ పని చేయదు. అది ప్రధానంగా ఇంజన్ పొగకు సంబంధించిన లోపాలను చదవడానికి ఉద్దేశించినది. టైరు గాలి విభాగం దాకా చాలావాటికి ప్రవేశం ఉండదు. పైగా వాటిలో చాలావరకు 1234 లేదా 0000 అన్న మారని పిన్‌తోనే వస్తాయి. దాన్ని స్టీరింగ్ కింది సాకెట్‌లో వదిలేస్తే, పక్కన నిలబడినవారు ఎవరైనా మీ కారు అంతర్గత వ్యవస్థతో మాట్లాడే అవకాశం ఇచ్చినట్టే.

రిమ్ముల గురించి మరో రెండు మాటలు. బోల్టు కూర్చునే గుంటలకు, చక్రం హబ్‌కు ఆనే ముఖానికి రంగు అంటకూడదు. ఆ పొర తరువాత నలిగిపోయి బోల్టు బిగువు సడలుతుంది. అందుకే తిరిగి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో మరోసారి చూపించుకోండి. పాత రంగు వదిలించడానికి రిమ్మును 350 డిగ్రీలకు మించిన కొలిమిలో కాల్చే షాపుకు అసలు ఇవ్వకండి. వేడి చికిత్సతో వచ్చిన అల్యూమినియం గట్టిదనం ఆ మంటలో పోతుంది.

ప్రశ్న: వెనుక బంపర్‌కు రంగు వేయించిన తరువాత అడ్డంగా ఏమీ లేకపోయినా పార్కింగ్ సెన్సర్ కూస్తోంది. బండి మొత్తానికి పాలిష్, సెరామిక్ కోటింగ్ కూడా చేయించాలనుకుంటున్నాను. రంగు మందం కొలిచే మీటరు కొనడం దండగా? (బీసెంట్ నగర్ పాఠకురాలు)

జవాబు: పార్కింగ్ సెన్సర్ ముఖం సన్నని పొర, అది కంపిస్తూ మన చెవికి వినబడని ధ్వనిని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. పాత రంగు మీదనే మళ్లీ మళ్లీ స్ప్రే చేస్తే ఆ పొర మందమై కంపించలేదు. దాని చుట్టూ ఉండే రబ్బరు వలయాన్ని తిరిగి పెట్టడం మరిచిపోయినా, బంపర్ అదురే అడ్డంకిగా వినబడి ఇలాగే కూస్తుంది. ముందు ఆ వలయాలను చూపించండి. మీ కారుకు పక్క వాహనాలను గమనించే రాడార్ కూడా ఉంటే, అది వెనుక బంపర్ మూలల లోపలే ఉంటుంది. అక్కడ పుట్టీ పూయడం, లోహపు రేణువులున్న రంగును పొరల మీద పొరలుగా వేయడం దాని చూపును మందగింపజేస్తుంది. కారు పక్కనే ఉన్న బండిని కారు చూడలేకపోవడం, ఉత్తినే కూయడం కన్నా చాలా ప్రమాదకరం.

మీటరు దండగ కాదు, తప్పక కొనండి. ఫ్యాక్టరీ రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉంటాయి, అందులో పైనున్న పారదర్శక పొర, క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లే. గట్టిగా కాంపౌండ్ (గరుకు పాలిష్) పట్టించిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది కనుక, ఇప్పటికే రెండు మూడుసార్లు రుద్దించిన బండికి మళ్లీ రుద్దించే ముందు కొలవడం అవసరం. అంకె 200 దాటితే మళ్లీ రంగు వేసినట్టు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉన్నట్టు భావించవచ్చు. ఇనుమును, అల్యూమినియాన్ని రెండింటినీ కొలిచే రకం తీసుకోండి. చాలా లగ్జరీ సెడాన్ల బానెట్ అల్యూమినియందే కాబట్టి ఇనుమును మాత్రమే కొలిచే మీటరు అక్కడ పనిచేయదు. సెరామిక్ పూత డబ్బా మీద ఉండే 9హెచ్ అన్నది పెన్సిల్ గీతతో చేసే పరీక్షలోని అంకె మాత్రమే. ఆ పూత తాళంచెవి గీతను ఆపదు. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే పడే తెల్ల మచ్చలను కూడా పూర్తిగా ఆపదు, కనుక సముద్రపు గాలి తగిలే మీ వీధిలో నీడలో కడిగి వెంటనే తుడవడమే మేలు.

ప్రశ్న: పెయింటింగ్‌కు, హెడ్‌లైట్ల పాలిష్‌కు బండిని, తాళాన్ని అయిదు రోజులు షెడ్డులో వదలమంటున్నారు. ముందటి యజమాని నాకు ఒక్క తాళమే ఇచ్చారు. భయపడవలసిన అవసరం ఉందా? (పెరంబూరు పాఠకుడు)

జవాబు: ఉంది. ఈ వారం వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీదే. రెండేళ్ల క్రితం నా కారును ఒక షెడ్డులో నాలుగు రోజులు వదిలినప్పుడు, కదలకుండా ఉండవలసిన బండి మీటరులో 38 కిలోమీటర్లు పెరిగాయి. ఆ రోజు నన్ను బాధించింది పెట్రోలు ఖర్చు కాదు. నా ఇంటి చిరునామా నావిగేషన్‌లో ఉంది, నా ఫోన్‌లోని పేర్లన్నీ కారు స్క్రీన్‌లో ఉన్నాయి, తాళం అపరిచితుల జేబులో ఉంది. రంగు వేయడానికి కావలసినది బండి మాత్రమే అని మనం అనుకుంటాం కానీ, దానితో పాటు ఇంటి దారిని కూడా అప్పగిస్తున్నాం. అప్పగించే ముందు ఇంటి చిరునామాను, ఫోన్ జతలను, కాంటాక్టులను చెరిపివేయండి. అప్పగించేటప్పుడు మీటరు రీడింగ్‌ను ఫోటో తీసి, జాబ్ కార్డు మీద రాయించుకోండి.

తాళం సంగతి అంతకన్నా పెద్దది. జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే తాళాల బలహీనతను జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లోనే బయటపెట్టారు: ఎనిమిది కంపెనీల పది మోడళ్లను పరీక్షిస్తే, తాళం సంకేతాన్ని దూరానికి చేరవేసే పరికరంతో అన్నీ తెరుచుకున్నాయి. 2013 ప్రాంతపు పాత కార్లలో తాళం ఎంత దూరంలో ఉందో కచ్చితంగా కొలిచే యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) రక్షణ ఉండదు. తాళాన్ని గుమ్మం పక్క మేకుకు తగిలించకుండా, సంకేతాన్ని అడ్డుకునే సంచిలో పెట్టండి. ఆ సంచితో కారు దగ్గరికి వెళ్లి తలుపు తెరుచుకోవడం లేదని నెలకొకసారి పరీక్షించండి, ఎందుకంటే లోపలి లోహపు పొర మడతల దగ్గర చిరిగిపోతుంది.

హెడ్‌లైట్ల దగ్గర మరో ప్రమాదం ఉంది. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే కార్ల భద్రతా పరిశోధకుడి కారుకు ఎవరో బంపర్ లాగి, హెడ్‌లైటు వైర్లు ఊడదీశారు. ఆకతాయి పని అనుకుంటుండగానే మరికొన్ని రోజులకు కారే మాయమైంది. దొంగలు హెడ్‌లైటు వైరింగ్ ద్వారా కారు అంతర్గత నెట్‌వర్క్‌లోకి దొంగ సందేశాలు పంపి తలుపు తెరిచారని ఆయన, మరో నిపుణుడు కెన్ టిండెల్ కలిసి విశ్లేషించి 2023లో వెల్లడించారు. 1986లో బాష్ సంస్థ పరిచయం చేసిన ఆ క్యాన్ నెట్‌వర్క్‌లో, సందేశం ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు లేదు. అన్ని కార్లలో హెడ్‌లైటు నుంచి తలుపు దాకా దారి ఉండదు. అయినా పసుపుబారిన గాజును రుద్దించడానికి మొత్తం లైటును విప్పి, కనెక్టర్లను బయట వేలాడదీయవలసిన పని లేదు. ప్లాస్టిక్ గాజును బిగించి ఉండగానే, చుట్టూ టేపు వేసి, నీటితో రుద్ది, యూవీ నిరోధక పూత వేయవచ్చు. పని జరుగుతున్నంతసేపు దగ్గర ఉండి ఆ పద్ధతిలోనే చేయించుకోండి. వీధిలో నిలిపిన మీ కారు బంపర్ అంచు ఊడి ఉందని ఎప్పుడైనా కనిపిస్తే, అది పిల్లల పని అనుకుని వదిలేయకండి.

ముందటి యజమాని దగ్గర రెండో తాళం నిజంగా పోయిందో, ఇంకా ఎక్కడైనా ఉందో మీకు తెలియదు. 2017లో ఐబీఎం పరిశోధకుడు చార్లెస్ హెండర్సన్, తాను ఏళ్ల క్రితం అమ్మేసిన కారును తన ఫోన్ యాప్‌తో ఇంకా నియంత్రించగలుగుతున్నానని చెప్పారు. అమ్మేటప్పుడు మన ఫోన్‌ను చెరిపివేసినంత శ్రద్ధ కారు విషయంలో ఎవరికీ లేదు, దాన్ని గుర్తుచేసే మెనూ కూడా చాలా కంపెనీలు పెట్టలేదు. కాబట్టి పెయింటింగ్‌కు ఇవ్వడానికి ముందే అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, మీ కారుకు ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో అడిగి తెలుసుకోండి. మీ దగ్గర లేని తాళాన్ని తొలగించమని, యాప్ ఖాతాను మీ పేరుకు మార్చమని కోరండి. ఆర్సీ పుస్తకం, గుర్తింపు కార్డు, మీ దగ్గరున్న ఒక్క తాళం వెంట తీసుకెళ్లండి. తొలగింపు పూర్తయిన తరువాత రెండో తాళాన్ని అక్కడే చేయించుకుని, షెడ్డుకు ఒకటి మాత్రమే ఇవ్వండి. బండి తిరిగి వచ్చాక నమోదైన తాళాల సంఖ్యను మరొక్కసారి చూపించుకోండి. అది రెండు కాక మూడు ఉంటే, ఎవరిని నిలదీయాలో మీకు తెలుస్తుంది.