పదేళ్లు కూడా బతకని ఈస్ట్ కోస్ట్ రైల్వే

ప్రశ్న: సార్, మా తాతగారు రైల్వేలో చేసేవారు, మన లైను మొదట్లో ఈస్ట్ కోస్ట్ వాళ్లదిరా అని ఎప్పుడూ అనేవారు. కానీ భువనేశ్వర్‌లో ఉన్న ఆ జోన్ 2003లో కదా వచ్చింది, మరి అంతకుముందు ఇంకోటి ఉండేదా?
– ఒక పాఠకుడు, తుని

జవాబు: ఉండేదండీ, మీ తాతగారు కరెక్టే చెప్పారు. పేరు కలిసింది గానీ ఇది వేరే, ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అనేవాళ్లు, ప్రభుత్వమే వేసిన లైను. బెజవాడ నుంచి వాల్తేరు (అంటే మన విశాఖ) మీదుగా కటక్ దాకా 1893, 1896 మధ్య ముక్కలు ముక్కలుగా ఓపెన్ చేశారు. అప్పటిదాకా మన కోస్తాలో దూరం పోవాలంటే కాలవల్లో పడవలు, ఎడ్లబళ్లు, లేదంటే రేవుకెళ్లి ఓడ ఎక్కడమే.

అసలు కష్టమంతా గోదావరి దగ్గరే. రెండు ఒడ్డులకీ పట్టాలొచ్చేశాయి, మధ్యలో బ్రిడ్జి లేదు, రాజమండ్రిలో దిగి మూటా ముల్లే దించుకుని పిల్లాజెల్లాతో ఏరు దాటి కొవ్వూరు వైపు మళ్లీ రైలెక్కాలి, వరదల రోజుల్లో అదెలా ఉంటుందో గోదారి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. 1897 నవంబర్‌లో పని మొదలెట్టారు, కాశీలో గంగ మీద డఫ్రిన్ బ్రిడ్జి కట్టిన వాల్టన్ అనే ఇంజనీరే దీనికీ పెద్ద. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. 1900 ఆగస్టులో కలకత్తా మెయిల్ దాని మీద దాటింది, మద్రాసు గవర్నర్ హేవలాక్ పేరు పెట్టారు. 1997 దాకా రైళ్లు నడిచాయి, ఇప్పటికీ పుష్కర ఘాట్‌లో నిలబడితే ఆ రాతి స్తంభాలు కనిపిస్తాయి, వాటిని జాగ్రత్తగా కాపాడుకోవాలి అని నా గట్టి అభిప్రాయం.

నాకు బాధనిపించేది ఏంటంటే, అంత కష్టపడి గోదావరి దాటించాక ఏడాది తిరక్కుండానే లైను రెండు ముక్కలు చేసేశారు. వాల్తేరు నుంచి బెజవాడ వైపు 1901లో మద్రాసు రైల్వేకి, కటక్ వైపు పూరీ బ్రాంచితో కలిపి 514 కిలోమీటర్లు 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి ఇచ్చేశారు. లైను తను వేసి నడపడానికి కంపెనీలకివ్వడం అప్పటి ప్రభుత్వానికి మామూలే లెండి.

పేరు పోయింది గానీ ఆ అతుకు మాత్రం పోలేదు. కింది ముక్క ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే), తర్వాత సదరన్, 1966 నుంచి సౌత్ సెంట్రల్. పై ముక్క బీఎన్ఆర్ (అదే బెంగాల్ నాగపూర్ రైల్వే), సౌత్ ఈస్టర్న్, ఆ తర్వాత 2003లో మీరన్న భువనేశ్వర్ జోన్. అందుకే విశాఖ దాటగానే దువ్వాడ దగ్గర జోన్ మారిపోయేది, విశాఖ వాళ్లు ఇన్నేళ్లు తమకో జోన్ కావాలని అడిగింది ఊరికే కాదు. 2019లో సౌత్ కోస్ట్ జోన్ ప్రకటించారు, 2025 ఫిబ్రవరిలో కేబినెట్ విశాఖపట్నం డివిజన్‌ని అందులోనే ఉంచింది, విజయవాడ డివిజన్ కూడా అందులోదే. అంటే 1901లో వాల్తేరు దగ్గర విడగొట్టిన లైను, పలాస నుంచి బెజవాడ దాకా మళ్లీ ఒకే జోన్ కిందికి వస్తోందన్నమాట.