షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి బడికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలకు బడులకు పంపే బృందంలో ఈసారి నీ పేరు వేశారని, నీకు టెన్షన్‌గా ఉందని, రాత్రిళ్లు కూర్చుని స్లైడ్లు తయారు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. రిటైరయ్యేదాకా అక్టోబర్ 4 నుంచి 10 వరకు నేనూ ఆ బృందాలతో తిరిగినవాణ్నే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఆ స్లైడ్లు తగ్గించు. రాకెట్ ఎత్తెంత, బరువెంత, ఏ ఏడాది ఏది ఎగిరింది, ఇవన్నీ పిల్లలకు ఫోన్లో దొరుకుతాయి. పొద్దున బస్సెక్కి లోపలికి వెళ్లినదానివి సాయంత్రం దాకా ఏం చేస్తావో మాత్రం నువ్వు చెబితేనే తెలుస్తుంది. నీది ఘన ఇంధనం సెగ్మెంట్లకు, అంటే గట్టి ఇంధనం నింపిన రాకెట్ భాగాలకు, ఎక్స్‌రే తీసే పని, పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి విషయం ఇంకేం కావాలి? మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఇంధనం ఉంటుంది, అంటుకుందంటే రెండు నిమిషాల్లోపే మొత్తం మండిపోతుంది, మధ్యలో ఆపుదామన్నా ఆగదు. లోపల ఎక్కడైనా పగులుంటే మంట ఆ సందులోకీ దూరుతుంది, ఒక్కసారిగా ఎక్కువ ఇంధనం మండి పీడనం పెరుగుతుంది, మోటారే పేలిపోవచ్చు. అందుకే ముందుగానే లోపల చూడాలి. ఏ క్లాసులోనైనా ఎప్పుడో చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు ఒకడుంటాడు. వాణ్ని లేపి, డాక్టరు నీ చెయ్యి కోసి చూశాడా, ఎక్స్‌రే తీశాడా అని అడుగు. ఆ తర్వాత నువ్వు చెప్పేది వెనక బెంచీ వాళ్లు కూడా వింటారు.

సూళ్లూరుపేట, తడ వైపు పిల్లలు రాకెట్లను మేడ మీద నుంచి చూస్తూ పెరిగినవాళ్లు, వాళ్లకు రాకెట్ కొత్త కాదు. ఈ కేంద్రం మా ఊరి పక్కనే ఎందుకు పెట్టారు అని అడుగుతారు. తూర్పున అంతా సముద్రం, విడిపోయిన భాగాలు జనం మీద పడవు, భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి తూర్పుకు వదిలితే భూమి తిరిగే వేగం సెకనుకు 450 మీటర్ల దాకా ఊరికే కలిసొస్తుంది. దక్షిణానికి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకుండా దారిలో వంపు తిరుగుతుందని చెప్పి, బోర్డు మీద మ్యాప్ గీయించు. ప్రయోగానికి ముందు మనవాళ్లు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి ఎందుకు వెళ్తారని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అది వెళ్లేవాళ్ల నమ్మకం, పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాకే కౌంట్‌డౌన్ మొదలవుతుంది అని చెప్పు చాలు, వాదన పెట్టుకోకు.

సముద్రం ఒడ్డు ఊళ్లకు వెళ్లే అవకాశం వస్తే వదులుకోకు. నా దృష్టిలో బడికంటే ముందు వెళ్లాల్సింది అక్కడికి. ప్రయోగం రోజు వేటకు పోవద్దని మనం చెప్పేది వాళ్లకే, ఆ రోజు వాళ్ల రాబడి పోతుంది, అయినా ఎందుకు పోవద్దంటున్నామో కూర్చుని చెప్పినవాళ్లు తక్కువ. అక్కడ మైకు వద్దు, అరుగు మీద కూర్చుని మాట్లాడు. మన ఓషన్‌శాట్ ఉపగ్రహం సముద్రపు రంగు చూస్తుంది, నీళ్లలో చేపలకు మేతయ్యే సన్న నాచు ఎక్కడ ఎక్కువుందో దాన్నిబట్టి తెలుస్తుంది, దానికి నీటి వేడి లెక్క కలిపి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఏ వైపు దొరకొచ్చో సూచన ఇస్తారు. మబ్బులు కమ్మితే ఆ సూచన రాదు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పు. వాళ్లు నీకు ఎదురు చెబుతారు, అంత దూరం మా పడవలు పోవు అంటారు, డీజిల్ ఖర్చు లెక్క చెబుతారు. సర్దిచెప్పబోకు. రాసుకో, తిరిగొచ్చి మీ పైవాళ్లకు ఇవ్వు. ఇస్రోకు ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1975-76లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీ చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. జనం ఏం చూశారు, ఏం పట్టించుకున్నారు అని తెలుసుకోవడానికి పరిశోధకులు ఆ పల్లెల్లోనే ఉండి గమనించారు. మన దగ్గర ఉపగ్రహాన్ని మోసుకెళ్లే సొంత రాకెట్ ఎగరకముందు సంగతి ఇది.

ఇక నీకు అన్నిటికంటే భయంగా ఉన్నది ఫెయిలైన ప్రయోగాల గురించి అడుగుతారేమోనని. అడుగుతారు. అడగకపోతే నువ్వే ఎత్తు. 1979లో ఉపగ్రహాన్ని మోసుకెళ్లే మన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడినప్పుడు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారే విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నారు, మరుసటేడు గెలిచినప్పుడు ఆ ప్రాజెక్టు నడిపిన కలాం గారిని మాట్లాడమన్నారు. ఆ మాట అందరూ సగర్వంగా చెబుతారు, చెప్పాలి కూడా, కానీ బడిలో నీ ముందు ఏ పెద్దాయనా ఉండడు, నువ్వే చెప్పాలి. "చిన్న సాంకేతిక లోపం" అని దాటేయకు. ఆ మాట వినగానే పిల్లలకు ఆసక్తి పోతుంది, పెద్దవాళ్లకు నమ్మకం పోతుంది. ఏం జరిగిందో చెప్పు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్‌లో ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఉండాల్సిన పీడనం లేదు, ఒక వాల్వు దగ్గర లీకు, దాంతో అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్ అంటుకోలేదు. దాన్ని సరిచేసుకుని 2023 మేలో అదే రకం రాకెట్ నావిగేషన్ ఉపగ్రహాన్ని చక్కగా చేర్చింది. చంద్రయాన్-2 ల్యాండర్ దిగాల్సిన చోటు అర కిలోమీటరు చదరం, చంద్రయాన్-3కి దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు, కాళ్లు గట్టివి పెట్టారు, ఇంధనం ఎక్కువ పోశారు, ఏది చెడితే ఏం చెయ్యాలని ఒక్కొక్కటీ ఆలోచించి తయారు చేశారు. 2023 ఆగస్టు 23న అది దిగింది. ఇలా కారణంతో సహా చెబితే లెక్కల పరీక్షలో తప్పిన పిల్లకు కూడా అందులో ఏదో పనికొచ్చేది దొరుకుతుంది.

డబ్బు ప్రశ్న టీచర్ల నుంచే వస్తుంది, పేదరికం ఉండగా చంద్రుడెందుకు అని. కోపం తెచ్చుకోకు, అది న్యాయమైన ప్రశ్న, వాళ్ల పన్నులతోనే మన జీతాలు. 2024-25లో అంతరిక్ష శాఖకు ఇచ్చింది దాదాపు 13 వేల కోట్లు, అంటే కేంద్ర బడ్జెట్‌లో ప్రతి వంద రూపాయలకు ముప్పై పైసల లోపు. లెక్క చెప్పి ఆగకు, తుఫాను మాట ఎత్తు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మనకు ఆకాశంలో సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. వేల మంది పోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖ మీదకు వస్తోందని ముందే తెలిసి లక్షల మందిని ఖాళీ చేయించగలిగారు. ఇదంతా ఒక్క ఉపగ్రహం వల్లే అనకు, రాడార్లు, వాతావరణ శాఖ, రెవెన్యూ సిబ్బంది, షెల్టర్లు అందరి పని అది. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పు.

అమ్మానాన్నలు వస్తే అడిగేది ఉద్యోగం సంగతి. ఐఐటీ లేకపోతే ఇస్రో రాదని మన వైపు గట్టి నమ్మకం, దాన్ని పోగొట్టడం నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. జేఈఈ రాసి తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చేరే దారి ఉంది, నిజమే, కానీ ఐటీఐ చేసినవాళ్లను టెక్నీషియన్లుగా, డిప్లొమా వాళ్లను టెక్నికల్ అసిస్టెంట్లుగా తీసుకుంటారు, ఫైర్‌మెన్, డ్రైవర్లు, నర్సులు, వంటవాళ్లు కూడా షార్ ఉద్యోగులే. వీలైతే నీతో ఒక టెక్నీషియన్‌ను తీసుకెళ్లు. ఫిట్టర్‌గా చేరినాయన తన చేత్తో బిగించినదాని గురించి మాట్లాడితే ఆ బడిలో చాలామంది తల్లిదండ్రులకు అది తమ పిల్లల మాటలా వినిపిస్తుంది.

అనుమతి కాగితం లేకుండా ఎక్కడా మాట్లాడొద్దు, ప్లాంటు లోపలి ఫొటోలు వద్దు, ప్రకటించని ప్రయోగం తేదీ ఎంత దగ్గరివాళ్లడిగినా చెప్పొద్దు. ఇవి నీకు తెలిసినవే.

తెలుగులో మాట్లాడు, ఇంగ్లిష్ మాట వస్తే రానీ. నీకు తెలియనిది అడిగితే "ఇది నా విభాగం కాదు, కనుక్కుని చెబుతాను" అను, కానీ అలా అన్నాక తప్పకుండా కనుక్కోవాలి. చాలామంది అక్కడే జారిపోతారు, పిల్లలేమో మర్చిపోరు. ప్రశ్న, అడిగినవాళ్ల పేరు, తరగతి నోట్‌బుక్‌లో రాసుకుని, సైన్స్ మాస్టారి నంబర్ తీసుకుని, వారం తిరక్కుండా జవాబు పంపు. ద్రవ ఇంజిన్ల గురించి ఏమైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, నాకు తెలిసినంత చెబుతాను, మిగతాది ఎవరిని అడగాలో కూడా చెబుతాను.

మీ మామయ్య