మెట్ల వెనక ‘ఏదో వాల్వ్’

ప్రశ్న: నా వయసు 36. నాన్న కట్టించిన ఇంట్లోనే అందరం కలిసి ఉంటున్నాం. ఏ మరమ్మతు వచ్చినా ఆయనే చేస్తారు, నన్ను ముట్టనివ్వరు. ఈమధ్య ఆయన నడుంనొప్పితో పడుకుని ఉంటే, సింకు కింద కారుతున్న, కుళాయికి నీళ్లు వదిలే చిన్న యాంగిల్ వాల్వ్‌ని నేనే మార్చబోయాను. విప్పగానే నీళ్లు ఎగజిమ్మి వంటిల్లంతా మడుగైంది. నాన్నే గోడ పట్టుకుని లేచి, మెట్ల వెనక ఏదో వాల్వ్ కట్టేశారు. తర్వాత కొత్తది బిగిస్తుంటే పైపు మలుపు దగ్గరుండే ప్లాస్టిక్ ఎల్బో చిట్లింది. రాత్రికి రాత్రే వేరే ఎల్బో గమ్ముతో అతికించి నీళ్లు వదిలితే తెల్లారేసరికి ఊడింది. ‘వీడికి చేతకాదు’ అని నా భార్యాపిల్లల ముందే అన్నారు. నీళ్లు కారకుండా మరకి వేసే తెల్ల టేపు ఎన్ని చుట్లు చుట్టాలో, ఎంత బిగించాలో చెప్పండి. ఈసారి తప్పు లేకుండా చేసి చూపించాలి.

జవాబు: టేపు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మర కొస మీ వైపు తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు లాగి పట్టి నాలుగైదు చుట్లు చుట్టండి. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన పానాతో ఒకటి రెండు చుట్లు, చాలు. టేపు మరీ మందంగా చుట్టి బలం పెడితే ప్లాస్టిక్ మర చిట్లుతుంది. లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో కొనుక్కోండి.

నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. ‘ఏదో వాల్వ్’ అన్నారు. పిల్లల్ని పెంచుకుంటున్న ఇంట్లో నీళ్లు ఎక్కడ కట్టాలో 36 ఏళ్ల మనిషికి తెలీదు. మీ నాన్నగారు చెప్పలేదు, మీరు అడగలేదు. ఆ రాత్రి నష్టమంతా అక్కడ మొదలైంది.

మీరు చేసిన మూడు తప్పులూ చూడండి. నీళ్లు కట్టకుండా విప్పారు. కట్టాలని తెలియక కాదనుకుంటాను, వాల్వ్ ఎక్కడని అడిగితే ‘నువ్వు ముట్టుకోకు’ అంటారని. పానాతో బలమంతా పెట్టారు, ఒక్క చుక్క కారినా మాట పడాల్సి వస్తుందని. గమ్ము ఆరకముందే నీళ్లు వదిలారు, ఆయన లేచేలోగా అంతా సర్దేయాలని. ఆ డబ్బా మీద ఎంతసేపు ఆగాలో రాసే ఉంటుంది. పైపు లావును బట్టి, వాతావరణాన్ని బట్టి గంటల లెక్కలో ఉంటుంది, చలికైతే ఇంకా ఎక్కువ. అతికించే ముందు పైపు తడి తుడిచి, కోసిన అంచు నునుపు చేయాలి. మీ పైపు సీపీవీసీ (వేడి నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) అయితే గమ్ము కూడా దానిదే కావాలి. ఇవన్నీ నెమ్మదిగా చేసే పనులు. భయపడుతూ చేస్తే కుదరవు.

కోడలి ముందు, మనవల ముందు కొడుకుని అంత మాట అనడం తప్పే. పెద్దరికం ఉన్నది అందుకు కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు గొంతు పెంచకుండా ఆయనకే చెప్పండి: ‘తప్పు చేస్తే నాకు చెప్పండి నాన్నా, పిల్లల ముందు వద్దు.’ మీరు ఇన్నాళ్లూ మింగినది ఆ ఒక్క మాటే. అయితే నొప్పితో ఉన్న మనిషి గోడ పట్టుకుని వచ్చి నీళ్లు కట్టారు, అది కూడా మర్చిపోకండి. చేతిలో పని జారిపోతోందని తెలిసిన తండ్రికి ఆ పానా ఒక్కటే మిగిలింది. దాన్ని లాక్కోవద్దు. అడిగి తీసుకోండి.

మా నాన్న పోయాక ఏ తాళం ఏ పెట్టెదో తెలియక నెలలు తిప్పలు పడ్డాం. ఆయన దాచలేదు, మేమే అడగలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేపు పొద్దున ఆయన పక్కన కూర్చుని, ఏ పైపు ఎటు వెళ్తుందో కాగితం మీద గీయించుకోండి. గోడల లోపల ఎక్కడ నడిపారో ఆయనకే తెలుసు. మెట్ల వెనక వాల్వ్ మీ చేత్తో ఒకసారి కట్టి, తెరిచి చూడండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుంటుంది. కదలకపోతే బలవంతం చేయకండి, ఆ ఒక్కదానికి ప్లంబర్‌ని పిలవండి. కట్టాక కిందున్న కుళాయి తెరిచి, పైపులో మిగిలిన నీళ్లు పోయేదాకా ఆగండి. విప్పేముందు ఫొటో తీసి, కింద బకెట్ పెట్టండి. అంతా అయ్యాక వాల్వ్ కొంచెం కొంచెంగా వదిలి, అతుకుల చుట్టూ పొడి కాగితం అద్దండి. కంటికి కనిపించని చెమ్మ కాగితానికి తెలుస్తుంది.

మీ ఆవిడకూ ఆ వాల్వ్ చూపించండి. మీరూ, మీ నాన్నగారూ ఇంట్లో లేని పూట పైపు పగిలితే కట్టాల్సింది ఆమే.