1969లో ఐర్లాండ్ సైన్యం డెర్రీలోకి పోయుంటే? నేను జాఫ్నా పోయొచ్చాను, చెప్తా

ప్రశ్న ఏమిటంటే, 1969 ఆగస్టులో బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో (డెర్రీ అక్కడి ఊరే) కేథలిక్కుల ఇళ్ళు తగలబడుతున్నప్పుడు పక్కనున్న కేథలిక్ దేశం ఐర్లాండ్ తన సైన్యాన్ని సరిహద్దు దాటించి ఉంటే మూడు వారాల్లో దేశం ఒక్కటయ్యేదట. ప్రధాని జాక్ లించ్ పిరికితనంతో ఆగిపోయాడా అని.

నేను ఐర్లాండ్ చూళ్ళేదు. సూళ్ళూరుపేటలో పుట్టి, ఫౌజులో లారీ తోలి, ఇప్పుడు నెల్లూరు వేదాయపాళెంలో మనవరాలిని స్కూలు ఆటో ఎక్కించే డ్యూటీ చేస్తున్నా. అయితే పక్క దేశంలో 'మనవాళ్ళ'ను కాపాడతామని దిగిన సైన్యంలో నేనున్నాను. కాబట్టి ఈ ప్రశ్నకు పుస్తకాలు చదివినవాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. కాదనేవాళ్ళు కింద తిట్టుకోండి.

1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల గొడవ ఆపే ఒప్పందం మీద కొలంబోలో సంతకాలు పెట్టారు. మరునాటికే మావాళ్ళు జాఫ్నా దగ్గరి పలాలి ఎయిర్‌పోర్టులో దిగడం మొదలుపెట్టారు. మాది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. జాఫ్నా రోడ్ల మీద జనం పూలదండలతో నిలబడ్డారు. అంతా తాటిచెట్లు, ఇళ్ళ చుట్టూ తాటాకు దళ్ళు. మా తడ పక్క పల్లెల్లోకి వచ్చినట్టే అనిపించింది నాకు. మా ఊళ్ళో సగం బజారు తమిళమే కాబట్టి నాకు ఆ భాష వచ్చు. అది తెలిసి మా హవల్దారు నన్ను స్టీరింగ్ నుంచి దించి తర్జుమాకి పెట్టాడు. బుద్ధి లేక ఒప్పుకున్నా.

మేం రోజూ బండి ఆపే మలుపు దగ్గర ఒక ముసలమ్మ ఉండేది. అందరూ ఆచ్చీ (అవ్వా) అంటే నేనూ ఆచ్చీ అన్నాను. పాలు లేని టీ లోటాలో పోసి, అరచేతిలో తాటిబెల్లం ముక్క పెట్టేది. ఇది కొరుక్కుంటూ అది తాగాలి. నా తమిళానికి పడీపడీ నవ్వేది, మద్రాసు సినిమాలో మాట్లాడినట్టుంది తంబీ అని. పదహారేళ్ళ మనవడొకడు, లారీ బానెట్ ఎత్తితే చాలు తల లోపల పెట్టేసేవాడు. "మీరొచ్చారుగా, ఇంక రాత్రిళ్ళు తలుపు తీసుకుని పడుకుంటాం" అందామె ఒకరోజు. ఆగస్టులో.

సెప్టెంబరులో తమిళ పులుల (ఎల్టీటీఈ) నాయకుడు దిలీపన్ నిరాహారదీక్షలో చచ్చిపోయాడు. అక్టోబరు 5న శ్రీలంక సైన్యానికి చిక్కిన పులులు పలాలిలో సైనైడ్ మింగారు. ఆ నెల రెండో వారంలో ఆపరేషన్ పవన్, అంటే పులుల మీద మా దాడి, మొదలైంది. ఎవరిని ఎవరి నుంచి కాపాడటానికి వచ్చామో ఆ నెలలో మాలో ఒక్కడూ చెప్పలేకపోయేవాడు.

నవంబరులో ఆ వీధిలో ఇళ్ళు సోదా చేయాల్సి వచ్చింది. తలుపు కొట్టి, తమిళంలో తెరవమన్నది నేనే. ఆచ్చి తెరిచింది. అడక్కముందే గుర్తింపు కార్డు చాపి నిలబడింది, నన్ను ఎప్పుడూ చూడనట్టు. నిజంగా గుర్తుపట్టలేదో, పట్టనట్టుందో ఈరోజుకీ తెలియదు. లోటా మాత్రం ఆ గూట్లోనే ఉంది. మనవడు ఏడని అడగమన్నాడు హవల్దారు. అడిగాను. "అది మీకే తెలియాలి" అంది. ఏమంటుందిరా అన్నాడు హవల్దారు. "వాళ్ళ అత్త ఊరికి పోయాడంట సార్" అని చెప్పా. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఒక్క తర్జుమా గురించి ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు మీ డెర్రీకి వస్తా. లించ్ ఆగస్టు 13న టీవీలో ఇక చూస్తూ ఊరుకోలేమన్నాడు, సరిహద్దు వెంట మిలటరీ ఆసుపత్రులు పెట్టించాడు. ఆయన కేబినెట్‌లోనే బ్లేనీ, బోలండ్ లాంటివాళ్ళు సైన్యాన్ని పంపించాల్సిందేనన్నారు. డెర్రీ, న్యూరీ పట్టుకోవాలని సైన్యం కాగితం మీద ప్లాన్ కూడా గీసింది. దాని పేరు ఎక్సర్‌సైజ్ ఆర్మగెడాన్, పేరుకేం తక్కువ లేదు. యుద్ధానికి తయారుగా ఉన్న జవాన్లు మూడు వేలు కూడా లేరు. వాళ్ళను తోలడానికి సరిపడా బండ్లు లేవు. లారీ తోలినవాడిగా చెప్తున్నా, ఈ మాట విన్నాక ఇంక ఆ ప్లాన్ చదవక్కర్లేదు.

డెర్రీ సరిహద్దుకు కూతవేటు దూరం, అక్కడిదాకా పోయుండేవాళ్ళే. మరి బెల్‌ఫాస్ట్? ఇళ్ళు వరసగా తగలబడిన బాంబే స్ట్రీట్ ఉన్నది అక్కడ. ఆ ఊళ్ళో కేథలిక్కులు తక్కువ, సరిహద్దు దూరం. డెర్రీలో ఐర్లాండ్ జెండా ఎగరేస్తే ఆ కోపం తీర్చుకునేది బెల్‌ఫాస్ట్ సందుల్లోనే. సైప్రస్ చూడండి, 1974 జులై 20న తమవాళ్ళ కోసమని టర్కీ దిగింది, దీవి ఇంకా రెండు ముక్కలుగానే ఉంది.

అసలు నన్ను పట్టుకున్న సంగతి వేరే. 1969లో బెల్‌ఫాస్ట్‌లో దిగింది బ్రిటిష్ సైన్యం. కేథలిక్ ఆడవాళ్ళు వాళ్ళకు ఎదురొచ్చి టీ ఇచ్చారు. ఏడాది తిరక్కుండా, 1970 జులైలో అదే సైన్యం ఫాల్స్ రోడ్డు ఇళ్ళలో ఆయుధాల కోసం తలుపులు బద్దలుకొట్టింది. 1972లో డెర్రీలో ఊరేగింపు మీద కాల్చింది. ఐరిష్ సైన్యమే వచ్చుంటే టీలో ఇంకో చెంచా చక్కెర ఎక్కువ పడేదేమో. చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కుర్రాడికి నీ మతం, నీ భాష ఒక్కటైనంత మాత్రాన నీ సంచిలో ఏముందో తెలియదు. తమిళం వచ్చిన నాకే తెలియలేదు.

మా వీధి చివర టీకొట్టు దగ్గర కూడా ఇట్టాంటి సేనాధిపతులున్నారు. బంగ్లాదేశ్‌లో గొడవైతే చాలు, సైన్యాన్ని ఢాకాకు పంపేస్తారు. 1971 గుర్తుచేస్తారు గానీ 1987 ఎవరికీ గుర్తుండదు. నేను ఆర్మీలో చేశానని మాత్రం అందరికీ గుర్తే, కాంటీన్ కోటా బాటిల్ కావాల్సినప్పుడు. దాదాపు 1,200 మంది మావాళ్ళు శ్రీలంకలో పోయారు.

లించ్ పిరికివాడే కావచ్చు. జాఫ్నా వెళ్ళేటప్పుడు మేం విమానం ఎక్కి గంటల్లో దిగాం. మాలో ఆఖరివాళ్ళు ట్రింకోమలీలో ఓడెక్కేసరికి 1990 మార్చి 24 అయింది. మద్రాసు రేవులో ఎదురు రావాల్సిన పెద్దలు కొందరు రాలేదు.