సింహం కోసం వెళ్తే సెరొనెరాలోనే ఉండండి

ప్రశ్న: ఆగస్టులో నేను, మావారు, పదేళ్ల బాబు టాంజానియా వెళ్తున్నాం. నాలుగు రోజుల్లో తరంగిరే, గోరోంగోరో, సెరెంగెటి అభయారణ్యాలు మూడూ చూపిస్తామని టూరు వాళ్లు అంటున్నారు. మాకు సింహాలను చూడాలని ఉంది. ఇలా వెళ్తే సరిపోతుందా? పైకప్పు తెరుచుకునే వాహనంలో బాబుతో తిరగడం ప్రమాదమా?

జవాబు: అమ్మా, మీకు కావలసింది సింహమే అయితే తరంగిరే మానేయండి. గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు ఎలాగూ దారిలోనే తగులుతుంది. మొదటిసారి నేనూ మీలాగే మూడు చోట్లకూ పరుగు తీశాను. ఆరూషా నగరం నుంచి సెరెంగెటి మధ్యలోని సెరొనెరాకు రోడ్డు మీద దాదాపు ఒక రోజు పడుతుంది. రోజులన్నీ దుమ్ములోనే గడిచిపోయాయి.

రెండోసారి మూడు రాత్రులూ సెరొనెరాలోనే ఉన్నాను. ఆగస్టులో విల్డెబీస్ట్‌ల, జీబ్రాల వలస మంద ఉత్తరాన మారా నది దగ్గర ఉంటుంది కాబట్టి సింహాలూ అక్కడికే పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. ఒక్కో గుంపుకు సొంత హద్దులుంటాయి. సెరొనెరా లోయలో వానలు లేని కాలంలోనూ నీరు దొరుకుతుంది, వేటా దొరుకుతుంది. అందుకే 14,763 చదరపు కిలోమీటర్ల పార్కులో ముందు అక్కడే వెతకమంటాను.

ఒకరోజు తెల్లవారగానే ఒక కోపీ మీద, అంటే మైదానంలో పొడుచుకొచ్చిన గ్రానైటు గుట్ట మీద, ఆడసింహం పడుకొని కనిపించింది. వాహనాలు వచ్చాయి, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోయే జంతువు కోసం పది నిమిషాలు ఆగితే ఏం కనిపిస్తుంది? మా డ్రైవరు ఇంజను ఆపేశాడు. గంటన్నర తర్వాత అది లేచి సన్నగా మూలిగినట్టు పిలిచింది. బండల సందులోంచి నాలుగు పిల్లలు, ఒంటి మీద మచ్చలింకా పోనివి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

ప్రమాదం సంగతి. అక్కడి సింహాలకు వాహనాలు అలవాటే. సింహం దగ్గరగా ఉన్నప్పుడు బాబు సీట్లోనే కూర్చోవాలి. చేతులు బయట పెట్టకూడదు, అరవకూడదు. కంచె లేని బసలో చీకటి పడ్డాక సిబ్బంది తోడు లేకుండా గుడారం దాటవద్దు. కొన్ని బసల్లో పిల్లలకు వయసు నిబంధన ఉంటుంది, ముందే అడగండి. తెల్లవారుజామున చలిగా ఉంటుంది, స్వెటర్లు తీసుకెళ్లండి. ముదురు నీలం, నలుపు రంగు బట్టలకు సెట్సీ అనే కుట్టే ఈగలు ముసురుతాయి. ప్లాస్టిక్ సంచులు టాంజానియాలో 2019 జూన్ నుంచి నిషేధం.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. దారి దిగి దగ్గరికి తీసుకెళ్లమని డ్రైవరును ఒత్తిడి చేయకండి. వాహనాలు చుట్టుముడితే తల్లి పిల్లల దగ్గరికి రాలేదు, వేట చెడిపోతుంది. ఆ పూట ఆకలితో ఉండేది అవే.

ప్రశ్న: జూలు లేనివన్నీ ఆడసింహాలేనా?

జవాబు: కాదు. మగ సింహం పిల్లలకు జూలు నిండుగా పెరగడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కెన్యాలోని సావోలో పెద్దయిన మగ సింహాల్లోనూ చాలావాటికి జూలు పలచగా ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు.